గోడ మీద అక్క బొమ్మ

మే 6, 1889. సోమవారం.

అక్క కోసం ఇవాళ ఇంకొకాయన వచ్చాడు. ఈగిల్‌హాక్ నుంచి నడిచి వచ్చాడట. గనిలో పనిచేసిన మనిషి. గుమ్మం దగ్గర గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి అందేదాకా నిలబడి, అప్పుడు టోపీ లోపల దాచుకున్న పేపరు ముక్క తీసి నాకు చూపించాడు. అందులో అక్క బొమ్మ. దాని పక్కన అచ్చులో, "నేను చావుకు సిద్ధపడ్డాను. ప్రొఫెసర్ క్వెల్లిన్ గారి ఊపిరి సిరప్ నన్ను నా భర్తకు తిరిగి ఇచ్చింది. మిసెస్ లావీనియా ట్రెగియర్, బెండిగో." కింద మా వీధి పేరు, ఇంటి నంబరు.

"ఈవిణ్ణి ఒక్కసారి కళ్లారా చూసి పోదామని వచ్చానమ్మా."

"ఆమె లేదండీ," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "అలాగా! బజారుకెళ్లిందా? అంతేలే. ఒళ్లు బాగుపడ్డ మనిషి ఇంట్లో ఎందుకు కూర్చుంటుంది!"

నేను మళ్లీ చెప్పబోయాను. ఆయన అప్పటికే టోపీ పెట్టేసుకున్నాడు. దణ్ణం పెట్టినంత పని చేసి, వాలు దిగి వెళ్లిపోయాడు. వచ్చినప్పటికంటే చురుగ్గా నడుస్తున్నట్టు అనిపించింది.

లేదు అన్నాను. ఉన్నమాటే అన్నాను. ఆయన వేరేగా విన్నాడు.

అక్క మార్చిలో పోయింది. వైట్ హిల్స్ శ్మశానంలో పూడ్చాం. ఆ మట్టి ఇంకా పూర్తిగా కుంగలేదు.

మే 9.

క్వెల్లిన్ కంపెనీ వాళ్లు ఇంటింటికీ పంచాంగం పడేసి పోయారు. పున్నములు, విత్తనాలు వేసే రోజులు, మధ్యమధ్య మందు పొగడ్తలు. చివరి పేజీలో అక్క. పొయ్యి రాజెయ్యడానికి చింపబోయి, మళ్లీ డ్రాయరులో పెట్టాను. జోసయ్య బావ దాన్ని చూడలేదు. లేదా చూసి ఊరుకున్నాడు.

మే 14. మంగళవారం.

పాల్ మాల్ వీధిలో మిస్టర్ ప్రౌస్ ఆఫీసుకు వెళ్లాను. బెండిగోలో కంపెనీ తరఫు మనిషి ఆయనే. గోడల మీద కాగితాలు అంటించేదీ, రైలు దారి పొడుగునా కంచెల మీద రంగు అక్షరాలు రాయించేదీ, పత్రికల్లో వేయించేదీ అంతా ఆయనే. మొన్న బావ పత్రిక పైకి చదువుతూ, "గనిలో ఘోర ప్రమాదం" అని మొదలుపెట్టి, ఎవరు పోయారో అని మేమిద్దరం ఊపిరి బిగబట్టి వింటే, ఆ గనివాడికి దగ్గు రావడం, సిరప్ తాగి బతకడంతో అది ముగిసింది. అదీ ఈయన చలవే.

కిందటి అక్టోబరులో మా ఇంటికి వచ్చిందీ ఆయనే. అక్కకు ఆ నెల నిజంగానే తేలికపడింది. దగ్గు తగ్గింది, పగలంతా నిద్రపోయేది. మెల్‌బోర్న్ నుంచి ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చి, పెరట్లో నిమ్మచెట్టు కింద కుర్చీ వేయించాడు. నేను కుట్టిన గోధుమరంగు గౌను, లేసు కాలరు వేసుకుని అక్క కూర్చుంది. "కొంచెం తేలిగ్గా ఉందండీ," అంది. చావుకు సిద్ధపడటం, భర్తకు తిరిగి ఇవ్వడం, అవన్నీ వాళ్లు అల్లిన మాటలు.

"మా అక్క చనిపోయింది. ఆ బొమ్మలు తీసెయ్యండి," అని అడిగాను.

ప్రౌస్ లేచి నిలబడి తల వంచాడు. అంత మర్యాదగా మా చాపెల్ పాస్టరు కూడా సంతాపం చెప్పలేదు. తర్వాత కూర్చుని, "మిస్ పాస్కో గారూ, ఆవిడ ఆ మాట అన్నప్పుడు బతికే ఉన్నారా లేరా?" అన్నాడు.

"ఉంది."

"మరి ఇందులో అబద్ధం ఎక్కడుందండీ? ఎవరూ చావకూడదంటే మేము ఏ మందూ అమ్మలేం కదా!" అని నవ్వబోయి, ఆపుకున్నాడు. "సంతకం పెట్టింది ఆవిడ భర్త. ఆయన్ని వచ్చి వద్దని చెప్పమనండి. అప్పుడు చూద్దాం."

బయటికి వస్తుంటే ఆయనే తలుపు తీసి పట్టుకున్నాడు.

మే 15.

భోజనాల దగ్గర బావను అడిగాను. మాంసం కూరిన పేస్టీ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మన దగ్గర దాని ఫోటో ఇంకొకటి ఉందా హెస్టర్?"

లేదు. నాకూ తెలుసు.

"పెళ్లికి తీయించుకుందామనుకున్నాం. ఆ ఏడు గని మూతపడింది. ఆ తర్వాత ఎప్పటికప్పుడు వచ్చే ఏడు అనుకున్నాం." గొంతు పెంచడు ఆయన. గని ఇంజను హోరులో పనిచేసేవాళ్లంతా అరుస్తారు, ఈయన మాత్రం ఇంటికొస్తే ఇలా మాట్లాడతాడు. "మార్కెట్ గోడ మీద నిలువెత్తు ఉంది. పని దిగి వచ్చేటప్పుడు అక్కడ ఆగి పైపు ముట్టించుకుంటాను. అంతే. అదీ నీకు కష్టంగా ఉందా?"

"జనం ఇంటికొస్తున్నారు బావా. అక్కను చూపించమంటున్నారు."

"లేదని చెప్పు."

"చెప్తే ఎక్కడికెళ్లిందని అడుగుతున్నారు."

ఆయన లేచి పళ్లెం తొట్టిలో పెట్టాడు. అక్క గురించి ఎప్పుడు మాట్లాడినా "అది వెళ్లాక" అంటాడు. పోయింది అన్న మాట ఇంతవరకు ఆయన నోట వినలేదు.

మే 22. బుధవారం.

ఇది రాయాలి. రాస్తే గాని నాకు సర్దుకోదు.

పొద్దున్న గుర్రపు బండి ఒకటి ఇంటిముందు ఆగింది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో కోటుకు బొత్తాలు కుడుతున్నాను. బండిలో ఒకావిడ, పక్కన దుప్పట్లలో చుట్టిన పదిహేడేళ్ల పిల్ల. ఆ పిల్ల తలెత్తి కిటికీలో నన్ను చూసింది.

"అమ్మా! ఈవిడే! అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది!"

మా ఇద్దరివీ ఒకే కళ్లు, ఒకే గడ్డం. చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు.

తలుపు తీశాను. చెప్దామనే తీశాను. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "మిసెస్ ట్రెగియర్ గారూ, మేము హంట్లీ నుంచి వచ్చామమ్మా. నా పేరు హాకింగ్. ఇది మా రోడా. ఒక్కతే పిల్ల. మిమ్మల్ని చూస్తే గాని నమ్మనంటోంది," అంది. పిల్ల బండి దిగుతూ నన్నే చూస్తోంది. ఆ చూపు నేను ఎరుగుదును. అక్టోబరులో అక్క నావైపు అలాగే చూసేది.

"లోపలికి రండి," అన్నాను.

కుంకుమపువ్వు రొట్టె పెట్టాను. రోడా సగం తినేసింది. తినడం చూసి వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది.

"మీకూ నిద్రలో చెమటలు పట్టేవా?" అని అడిగింది పిల్ల.

"దుప్పటి పిండితే నీళ్లు కారేవి."

"మరి దగ్గితే నెత్తురు?"

"వచ్చేది."

"ఇప్పుడు రావట్లేదా?"

"లేదమ్మా," అన్నాను. "ఇప్పుడు దగ్గే లేదు."

పిల్ల కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "చూశావా అమ్మా! డాక్టరుకేం తెలుసు!"

డాక్టరు నది దాటి డెనిలిక్విన్ పంపమన్నాడట. అక్కడ పొడి గాలి, మిసెస్ హాకింగ్ అక్కగారిల్లు ఉంది. వీళ్ల ఇల్లు వాగు ఒడ్డున, వచ్చే నెల మొదలయ్యే చలికాలమంతా గోడలు చెమ్మగిలుతూనే ఉంటాయట. "ఎండాకాలం దాకా ఇక్కడే ఉంచుకుని ఈ మందు వాడదామనుకుంటున్నాను. కళ్లముందు లేకుండా పిల్లను ఎలా పంపేది? మీరు గాలి మార్పుకి ఎక్కడికైనా వెళ్లారా అమ్మా?"

"లేదండీ. ఈ ఇంట్లోనే ఉన్నాను."

అంతే అన్నాను. అక్క ఈ ఇంట్లోనే ఉంది, అది నిజం. పంపొద్దని నేను చెప్పలేదు. పంపమనీ చెప్పలేదు. అడిగినవాటికి జవాబు చెప్పాను.

వెళ్లేటప్పుడు రోడా నన్ను కావలించుకుంది. ఎముకలు తగిలాయి. బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

దానికి ఇవాళ ఆకలి వేసింది. అంతకంటే పెద్ద మందు ఏం కావాలి ఎవరికైనా?

మే 27.

ఇంకో ఇద్దరు. కాసిల్‌మెయిన్ నుంచి ఒక బడిపంతులు, వైట్ హిల్స్ నుంచి ఒక ముసలమ్మ. పంతులు గారు నన్ను మెట్లెక్కి చూపించమన్నారు. మేడ లేదు మాకు. గుమ్మం ముందున్న వాలు ఎక్కి చూపించాను. ఆయన చప్పట్లు కొట్టారు.

జూన్ 3.

వాన. హంట్లీ నుంచి కబురు లేదు. బాగుండబట్టే రాలేదు.

జూన్ 6. గురువారం.

అక్క గోధుమరంగు గౌను నాకు భుజాల దగ్గర కొంచెం బిగుతు. విప్పి కుట్టాను. ఊరికే బీరువాలో పడి ఉంటే చెద పడుతుంది. గుడ్డ మంచిది.

వేసుకుని, లేసు కాలరు కూడా పెట్టుకుని, ముసలమ్మ మళ్లీ వస్తానంది కదా అని కిటికీ దగ్గర కూర్చున్నాను. ముసలమ్మ రాలేదు. బావ పెందలాడే వచ్చాడు. ఇంజను మరమ్మతులో ఉందట. గేటు తీసి నన్ను చూశాడు. టిఫిను డబ్బా చేతిలోంచి జారింది. దాన్ని తీసుకోలేదు. అలాగే గుమ్మం ముందు మెట్టు మీద, వానలో, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"బావా, తడుస్తున్నావు."

"అది విప్పెయ్ హెస్టర్."

"ఊరికే వేసి చూశాను..."

"విప్పెయ్. విప్పాక నన్ను పిలువు. అప్పుడొస్తాను లోపలికి."

పిలిచాను. వచ్చి బట్టలు మార్చుకున్నాడు. ఇద్దరం తిన్నాం.

జూన్ 11. మంగళవారం.

ప్రౌస్ మా ఇంటికి వచ్చాడు. బండివాడు వెనకాల చెక్కపెట్టె మోసుకొచ్చి వంటింట్లో దించాడు. నిండా సీసాలు.

"కంపెనీ తరఫున చిన్న కానుకండీ. కాసిల్‌మెయిన్ పంతులు గారు మాకు ఎంత చక్కటి మాటలు రాసి పంపారో! మిసెస్ ట్రెగియర్ స్వయంగా కొండ ఎక్కి చూపించారట." కన్ను గీటలేదు. గీటి ఉంటే బాగుండేది. "మీకు మా మీద కోపం పోయినందుకు సంతోషం. ఇంకేమన్నా కావాలంటే మొహమాటపడకండి. కొత్త గౌను కావాలన్నా సరే, బొమ్మలో ఉన్నలాంటిదే."

నేను ఆయనకు టీ ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. ఇంటికొచ్చిన మనిషికి టీ ఇస్తాం.

తాగాడు. బాగుందన్నాడు.

జూన్ 12.

ఆ పెట్టె వంటింట్లో దారికి అడ్డం.

జూన్ 14.

నేను వాళ్ల కోసం చెయ్యడం లేదు. వచ్చినవాళ్ల కోసం చేస్తున్నాను. ఆ రెండూ ఒకటి కాదు.

జూన్ 19. బుధవారం.

రైల్లో హంట్లీ వెళ్లాను. పెట్టెలోంచి రెండు సీసాలు తీసి సంచిలో వేసుకున్నాను. పిల్లకు పనికొస్తాయి కదా అని. పొలాల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. కంచెల మీద దారి పొడుగునా క్వెల్లిన్, క్వెల్లిన్, క్వెల్లిన్.

మిసెస్ హాకింగ్ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. "మీరే వచ్చారా అమ్మా! రండి రండి, మీ మొహం చూస్తే దానికి ఇంకా బలమొస్తుంది. దగ్గు ఎంత తగ్గిందో చూడండి. పగలంతా నిద్రే!"

గదిలో చెమ్మ వాసన. రోడా దిండుకు ఆనుకుని పడుకుని ఉంది. దగ్గు లేదు. కంటిపాపలు సూదిమొనంత చిన్నవైపోయి, చూపు ఎక్కడో ఉంది. పెదాల మీద చిరునవ్వు. పట్టుకుంటే మణికట్టు చుట్టూ నా రెండు వేళ్లు తిరిగి కలిశాయి.

ఆ నిద్ర నాకు తెలుసు. ఫిబ్రవరిలో అక్క అలాగే నిద్రపోయేది. ఎంత హాయిగా ఉందో అని నేనూ బావా వరండాలో కూర్చుని గుసగుసలాడుకునేవాళ్లం. ఆ హాయి అంతా సీసాలోని నల్లమందుదని అక్కను చివర చూసిన డాక్టరు చెప్పాడు. చెప్తే నేను ఆయన మీద కసురుకున్నాను.

"వచ్చారా," అంది రోడా. "నేనూ మీలాగే అవుతున్నాను."

సంచి కింద పెట్టాను. సీసాలు గలగలమన్నాయి.

"రోడా, నేను లావీనియాను కాదు."

వినలేదేమో అనుకున్నాను. వాళ్లమ్మ విన్నది. "ఏమంటున్నారు?" అంది.

"నేను ఆమె చెల్లెల్ని. నా పేరు హెస్టర్. మా అక్క మార్చిలో చనిపోయింది."

మిసెస్ హాకింగ్ మంచం ఇటువైపుకు వచ్చింది. పెద్ద మనిషి, పొలం పనిచేసే చేతులు. "నీ ఇంట్లో కూర్చున్నాం మేము. నీ రొట్టె తిన్నది నా బిడ్డ."

"అవునండీ."

"దగ్గే లేదన్నావు."

"అవునండీ."

చెంప మీద కొట్టింది. టోపీ ఎగిరి మంచం మీద పడింది. రెండోసారి కూడా కొడుతుందనుకున్నాను. చెయ్యి పైకెత్తింది గాని దాన్ని ఏంచెయ్యాలో తోచనట్టు అలాగే పట్టుకుంది. రోడా ఆ టోపీని దగ్గరకు లాక్కుని దాని రిబ్బను సరిచేస్తోంది.

"ఈ సిరప్ తాగుతూనే పోయిందా?" అని అడిగింది, మామూలుగా, ఏదో ధర అడిగినట్టు.

"తాగుతూనే పోయింది."

"చివర్లో దగ్గు ఉందా?"

"లేదు. నీకు ఇప్పుడున్నట్టే ఉంది."

బయట కోళ్లు అరుస్తున్నాయి. తర్వాత రోడా అంది, "అయితే అమ్మా, నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపించు. ఇక్కడ వద్దు. ఈ గోడలు చూస్తూ వద్దు."

వాళ్లమ్మ నా వైపు తిరగకుండానే, "ఇంకా ఎందుకున్నావు? వెళ్లు," అంది. రోడా టోపీ అందించింది. తీసుకుని వచ్చేశాను.

సీసాలు తిరిగి తెచ్చాను. పెరట్లో పెట్టెడు సీసాలూ ఒక్కొక్కటే ఒంపేశాను. తియ్యటి వాసన. చీమలు పట్టాయి.

జూన్ 21.

రాయడానికేమీ లేదు.

జూన్ 30. ఆదివారం.

గనుల్లో రాళ్లు దంచే రోకళ్లు ఆదివారం ఆగుతాయి. ఊరంతా నిశ్శబ్దమైపోతుంది. చాపెల్‌కు వెళ్లాం. ఇంటికొచ్చాక బావకు అంతా చెప్పాను. గౌను గురించి, వాలు ఎక్కడం గురించి, హంట్లీ గురించి.

విన్నాడు. "ఎంతమంది వచ్చారు మొత్తం?" అన్నాడు.

"లెక్క పెట్టలేదు."

"వాళ్లంతా దాని బొమ్మ చూసే మందు కొన్నారా?"

ఆయన కోటు వేసుకుని బయటికి వెళ్లాడు. మార్కెట్ వైపే వెళ్లాడు.

జూలై 13. శనివారం.

చేతులు ఇంకా పిండిజిగురుతో అంటుకుంటున్నాయి. కలం జారుతోంది.

సంతరోజు కనక ఇవాళే వెళ్లాను. దుఃఖపు బట్టలకు వాడే నల్ల క్రేప్ గుడ్డ బెత్తెడు వెడల్పున చీరి, జిగురు గిన్నె, కుంచె తీసుకెళ్లాను. అక్క బొమ్మ గోడ నిండా ఉంది. కుర్చీ అడిగి తెచ్చుకుని, ఎక్కి, బొమ్మ మీద ఈ మూల నుంచి ఆ మూలకు నల్ల పట్టీ అంటించాను. కింద సుద్దతో పెద్దక్షరాల్లో రాశాను. "ఈమె చనిపోయింది. మార్చిలో. ఇదే మందు తాగుతూ."

జనం మూగారు. గుడ్లు అమ్మేవాళ్లు, గొర్రెలవాళ్లు, బుట్టలతో ఆడవాళ్లు.

"ఎవరు పోయారట?"

"సిరప్పు తల్లి పోయిందట."

"నిన్నగాక మొన్న మా వదిన ఆవిణ్ణి చూసొచ్చిందే! కొండెక్కి చూపించిందంట!"

"అది నేను," అన్నాను కుర్చీ మీద నుంచే. "మీ వదినకు అబద్ధం చెప్పింది నేను. నేను ఈమె చెల్లెల్ని."

ఒకడు, "అయితే ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఏం నమ్మకం?" అన్నాడు. నవ్వారు. వాడన్నదాంట్లో తప్పులేదు.

ఈలోగా ప్రౌస్ వచ్చాడు, వెంట కానిస్టేబులు. ప్రౌస్ జనంవైపు తిరిగి, ఎంతో జాలిగా, "అక్క బాగుపడి ఊళ్లోంచి వెళ్లిపోయినప్పటి నుంచి పాపం ఈవిడకు మతి నిలకడగా లేదండీ. ఎవరూ ఏమీ అనకండి," అన్నాడు. కొందరు తలలూపారు. కానిస్టేబులు నా మోచెయ్యి పట్టుకుని, "దిగమ్మా, ఇది కంపెనీవాళ్ల సొత్తు," అన్నాడు.

"ఆమెను వదులు."

బావ. పని బట్టల్లోనే ఉన్నాడు, మొహం నిండా నూనె మసి. రోజూ పైపు ముట్టించుకునే వేళకు వచ్చాడు. జనం దారి ఇచ్చారు. చాలామందికి ఆయన తెలుసు. వాళ్ల మనుషుల్ని గనిలోకి దించి పైకి లాగే ఇంజను మనిషి.

"జోసయ్యా, నువ్వన్నా చెప్పు," అన్నాడు ఎవరో. "నీ పెళ్లాం ఉందా, లేదా?"

ఆయన బొమ్మ వైపు చూశాడు. నల్లపట్టీ వైపు చూశాడు. నేను కుర్చీ మీద నుంచి, "బావా, వద్దులే," అన్నాను. నిజంగానే అన్నాను.

"నా భార్య చనిపోయింది," అన్నాడు.

పెద్దగా అన్నాడు. ఇంజను గదిలో అరిచినట్టు అరిచాడు. "నా భార్య లావీనియా చనిపోయింది. నా చేతుల్లో చనిపోయింది. ఆ కాగితానికి సంతకం పెట్టింది నేను. తీసెయ్యమంటున్నదీ నేనే."

ప్రౌస్ టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. కానిస్టేబులు నా మోచెయ్యి వదిలేశాడు.

బావ గోడ దగ్గరికెళ్లి బొమ్మను పై మూల నుంచి ఒలవడం మొదలుపెట్టాడు. గోళ్లతో, మెల్లగా, చిరక్కుండా. ఇంటికి తీసుకుపోదామనే ఆయన ఆశ, నాకు అర్థమైంది. నేనూ కుర్చీ దిగి ఇంకో అంచు పట్టుకున్నాను. కాని పాత కాగితాల మీద కాగితాలు అంటించిన గోడ అది. అక్క నుదుటి దాకా బాగానే వచ్చింది. కళ్ల దగ్గర చిరిగింది. ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్లీ లాగాడు. పేలికలు పేలికలుగా వచ్చింది. గుడ్లమ్మే ఆవిడ బుట్ట కింద పెట్టి వచ్చి, కింది భాగం గీకడానికి చెయ్యేసింది. తర్వాత ఇంకెవరో.

ఇంటికి నడిచి వచ్చాం. ఆయన చేతుల్లో ఏమీ లేదు.

జూలై 20.

పత్రికలో ఒక్క ముక్క కూడా రాలేదు. వాళ్ల పేజీల్లో సగం కంపెనీ ఇచ్చినవే, ఎలా వస్తుంది?

మార్కెట్ గోడ మీద కొత్త బొమ్మ. జీలాంగ్ ఊరావిడట. అవే మాటలు. చావుకు సిద్ధపడింది, భర్తకు తిరిగి ఇచ్చింది.

ఆవిడకు రాశాను. జవాబు ఇస్తుందో లేదో.

ఆగస్టు 4.

ఇంకా అడపాదడపా వస్తున్నారు. దూరం ఊళ్ల వాళ్లకు తెలియదు కదా. "చనిపోయిందండీ," అంటున్నాను. కొంతమంది ఏడుస్తారు. ఒకాయన కోపగించుకుని, ఇంత దూరం నడిపించావని నన్ను తిట్టాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపాను.

ఆగస్టు 18.

బావ పైపు మానేశాడు.

సెప్టెంబరు 17. మంగళవారం.

మిసెస్ హాకింగ్ వచ్చింది.

కిటికీలోంచి బండి చూసి కుట్టుపని పక్కన పెట్టాను. బండిలో ఆమె ఒక్కతే. గుమ్మం దాటి వచ్చి, చేతిలోని మూట బల్ల మీద పెట్టింది. నల్ల గుడ్డ.

"గౌను కుట్టాలి."

"హంట్లీలో కుట్టేవాళ్లు లేరా అండీ?" అన్నాను. ఎందుకన్నానో.

"ఉన్నారు," అంది.

కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాను. మే నెలలో చూసిన మనిషి కాదు. నడుం సగమైంది. నేను చెప్పకుండానే చేతులు రెండు పక్కలకూ చాపి నిలబడింది.

"పోయిన నెల చివర్లో పోయింది," అంది గోడవైపు చూస్తూ. "మా అక్క వరండాలో మంచం వేసింది. అక్కణ్ణుంచి చూస్తే ఎంత దూరమైనా గడ్డే, గొర్రెలే. ఆకాశం మరీ పెద్దగా ఉంది అమ్మా అనేది. సిరప్ మానేశాక దగ్గు మళ్లీ వచ్చింది. నరకం చూసింది. కాని మాట్లాడేది. మెలకువగా ఉండి నాతో మాట్లాడేది. అన్నీ చెప్పింది నాకు. చిన్నప్పుడు ఏ చెట్టెక్కి పడిందో కూడా."

"నన్ను..."

"మాట్లాడకు. పని చూసుకో."

గుడ్డ భుజాన వేసి పిన్నులు పెట్టసాగాను.

"నీ గురించి అడిగేది. ఆ అబద్ధాలావిడ ఎలా ఉందో, ఆమె టోపీ బాగుంది, అనేది." ఆమె గొంతులో నవ్వులాంటిదేదో కదిలింది. "మేలో ఇక్కడికి రాకుండా నేరుగా పంపి ఉంటే ఏమయ్యేదని డాక్టర్ని అడగలేదు. అడగను. నువ్వు కూడా నన్ను అడక్కు."

సరేనని తలూపాను. చంక కింద కుట్టు సరిచేస్తున్నాను. ఆమె ఇంకా చేతులు చాపుకునే ఉంది.

"ఇంక దింపచ్చా?"

ఊఁ అన్నాను.

దింపలేదు. ఆ రెండు చేతులూ నా భుజాల మీద బరువుగా పడ్డాయి. పట్టుకుందో, తొయ్యబోతోందో తెలియలేదు. అలాగే ఉండిపోయింది. నేను కదల్లేదు.

నోటి నిండా పిన్నులు. అందుకే ఏమీ అనలేకపోయాను.